క్యాలెండరు అమ్మవారు

ఖరగ్‌పూర్, పూరీ గేట్
12-1-1995

చెల్లెలు శ్యామలకు,

నా దస్తూరీ చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం క్షేమమే. పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఉత్తరాలు మీ బావగారే రాస్తారు. చివర కాస్త ఖాళీ మిగిలితే ‘మీ అక్క ఆశీస్సులు’ అని నా తరఫున కూడా ఆయనే రాసేస్తారు. ముప్పై ఏళ్లుగా నీకు అందిన నా ఆశీస్సులన్నీ ఆయన చేతివే. ఇప్పుడు నేనే కలం పట్టాల్సి వచ్చింది. ఈ సంగతి ఆయన చేత రాయిస్తే ‘తగు చర్య నిమిత్తం’ అని ఆఫీసు నోటులా వస్తుందే తప్ప నా మనసులో మాట రాదు.

నిరుడు వానాకాలంలో ఆయన టైఫాయిడ్‌తో రైల్వే ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నా చేతి జావ తాగుతూ, “రాజేశ్వరీ, వచ్చే ఏడాది రైల్వే ఫ్రీ పాసుల్లో ఒక సెట్టు నీది. నువ్వు ఎక్కడికంటే అక్కడికి” అన్నారు. జ్వరంలో అన్న మాట కదా అని నేను పట్టించుకోలేదు. మొన్న పాసుకి దరఖాస్తు పెట్టే రోజున ఆయనే గుర్తు చేశారు. నేను కాశీ అంటానని ఆయన ధీమా. నేను “సింగలీలా” అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, “అది ఏ జంక్షన్ మీదుగా?” అని అడిగారు.

అది మీ సిలిగురి పైన కొండల్లో ఉన్న నేషనల్ పార్కు అని చెప్పాను. నాకెలా తెలుసంటావా, గోల్‌బజార్ శాలువాల కొట్టువాడు ఇచ్చిన క్యాలెండరు చూసి. మా పూజగూట్లో వెనక గోడకి చెమ్మ పట్టి పెచ్చులు ఊడుతుంటే, కప్పడానికి దేవుడి క్యాలెండరు ఒక్కటీ కొలతకు కుదరలేదు. ఇది కుదిరింది. బొమ్మలో ఎర్రటి పూలచెట్లు, వాటి వెనక తెల్లటి కొండలు, ఒక మూల ఎర్ర పాండా అనే జంతువు. పిల్లికీ నక్కకీ మధ్యరకం, మొహం మాత్రం అచ్చం మన పెద్దత్తయ్యది. ఏడాది పొడుగునా దీపం వెలిగించి ఆ కొండలనే చూశాను. సహస్రనామం చదువుతుంటే నోరు నామాల మీద, కళ్లు కొండ మీద. అపచారమేమోనని మొదట్లో లెంపలు వేసుకునేదాన్ని. తర్వాత మానేశాను.

ఇన్నేళ్ల పాసులూ తిరుపతికీ, పూరీకీ, సింహాచలానికీ, అత్తవారివైపు పెళ్లిళ్లకీ ఖర్చయ్యాయి. దేవుళ్ల దగ్గర నాకు ఏ లోటూ లేదు. కానీ ఎక్కడికి వెళ్లినా ఏదో ఒకటి అడగడానికే వెళ్లాను. ఏమీ అడగక్కర్లేని చోటికి ఒక్కసారి వెళ్లి, ఊరికే చూసి రావాలని ఉందే.

ఇందులోనే ఒక చిక్కు వచ్చింది. శుక్రవారం పటాలన్నిటికీ బొట్లు పెడుతూ చేతి అలవాటున ఆ కొండకీ పెట్టేశాను. పక్క క్వార్టర్ సింహాచలమ్మ, వర్క్‌షాపులో ఫిట్టరు నూకరాజు భార్య, గ్లాసుడు కందిపప్పు బదులుకి వచ్చి చూసింది.

“ఈయమ్మోరు ఎవరమ్మా? మా కాడ లేదే.”

నేను నోరు తెరిచేలోగా పడక్కుర్చీలోంచి మీ బావగారు, “కొండమీది అమ్మవారు. ఈసారి పాసు అక్కడికే” అనేశారు. ఆవిడ వెళ్లాక అదేమిటని అడిగితే, “పాసు పెట్టుకుని జంతువుల్ని చూడ్డానికి వెళ్తున్నానని సెక్షన్‌లో చెబితే నవ్వరూ?” అన్నారు. మర్నాటికి ఆఫీసంతా అదే చెప్పి వచ్చారట.

ఎప్పుడు రావాలి, ఎలా ఎక్కాలి, అన్నం దొరుకుతుందా, వివరంగా రాయి. ఎలుగుబంట్లు ఉంటే ఆయనకు తెలియనివ్వకు.

మొదటిసారి తన ఆశీస్సులు తానే రాసుకుంటున్న
అక్క రాజరాజేశ్వరి


సిలిగురి
26-1-1995

అక్కా,

మోకాళ్లు వంగవు కనుక నీకు మనసులోనే పాదనమస్కారం.

నీ అక్షరాలు చూసి మీ మరిదిగారు “బావగారికి ఏమైంది?” అని లేచి నిలబడ్డారు. చదివి వినిపించాక కూర్చున్నారు. ఎన్.జె.పి. స్టేషన్ పార్సిల్ ఆఫీసులో పనిచేసే మనిషికి నీ కోరిక బాగా నచ్చింది. “మీ అక్కయ్య పార్సిల్ కాదు, ప్యాసింజర్ అని ఇన్నాళ్లకి తేలింది” అన్నారు.

ఏప్రిల్ చివర రండి. పూలు అప్పుడే. కొండలు స్పష్టంగా కనపడాలంటే కార్తీకం మంచిది కానీ అప్పటికి బావగారి జ్వరం నాటి మాట చల్లారిపోవచ్చు. హౌరా దాకా లోకల్, అక్కణ్ణుంచి సియాల్దాకి మారి దార్జిలింగ్ మెయిల్. మా ఇంట్లో ఒక పూట ఆగి, మానేభంజాంగ్ దాకా జీపు. అక్కడి నుంచి శాందక్‌ఫూ శిఖరం దాకా పాతకాలపు ల్యాండ్‌రోవర్లు. ఆ బళ్లు ఇంగ్లీషువాళ్లు వదిలేసి పోయినవి. ఎందుకు వదిలేసి పోయారో ఎక్కితే తెలుస్తుంది. పైన చెక్క బస ఉంది. అన్నం, పప్పు, బంగాళాదుంప దొరుకుతాయి. మర్నాడు కూడా అన్నం, పప్పు, బంగాళాదుంప దొరుకుతాయి.

ఎర్ర పాండా మాట మరిచిపో. మా పక్కింటి నేపాలీ దీదీ ఆ కొండల్లోనే పుట్టింది. ఆవిడే ఇంతవరకు చూడలేదు. ఎలుగుబంటి ఉంది. చెప్పవద్దన్నావు కనుక చెప్పడం లేదు.

గుడి మాత్రం లేదక్కా. బావగారు అమ్మవారిని పుట్టించారు గనుక స్థలపురాణం నేను రాస్తాను, ఆఫీసులో పనికొస్తుంది. వినండి.

ఈ తల్లి పేరు మబ్బులమ్మ. ఈమెకు కొబ్బరికాయ నిషిద్ధం, ఆ చలికి కాయలో నీళ్లు రాయవుతాయి. నైవేద్యం అల్లం టీ, పకోడీలు. ప్రదక్షిణం అక్కర్లేదు, బండే చేయిస్తుంది. మహా పట్టుదల గల తల్లి. దర్శనానికి వచ్చినవాళ్లలో ఒక్కరు సారా ముట్టినా మబ్బు ముసుగు వేసుకుంటుంది, ఎంత మొక్కినా తీయదు. మానేసిన వాడికి మాత్రం మొహం చూపిస్తుంది. ఆ మొహం చూసినవాడి ఇల్లు చల్లగా ఉంటుంది. మరీ చల్లగా ఉంటుంది కనుక రగ్గులు తెచ్చుకోవలెను.

బావగారి కంట పడినా ఫరవాలేదు, నా పెంకితనం ఆయనకు కొత్తా.

వంటింట్లో పాలు పొంగుతున్నాయి కనుక ఇంతే,
శ్యామలాంబ


ఖరగ్‌పూర్
8-2-1995

శ్యామలా,

నీకు ఆశీస్సులు పంపాలో మొట్టికాయ పంపాలో తెలియక రెండూ పంపుతున్నాను.

మా ఇంట్లో ఉత్తరం వస్తే ఏం జరుగుతుందో మరిచిపోయావా? ఆదివారం పొద్దున వరండాలో పడక్కుర్చీ వేసుకుని, మీ బావగారు పైకి చదువుతారు. ఎవరి ఉత్తరమైనా సరే, ముందుగా తాను చూసుకోవడం ఉండదు. ఆయన గొంతు నీకు తెలుసు. బోనస్ సర్క్యులరూ, చావు కబురూ, నీ హాస్యమూ ఒకే స్వరంలో వస్తాయి. ఆ పూట సింహాచలమ్మ మెట్టు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నూకరాజు మా వాకిట్లో సైకిలు బోర్లించి చైను వేస్తున్నాడు.

రైళ్ల దగ్గర అంతా బాగానే ఉంది. ‘ఎలుగుబంటి ఉంది, చెప్పవద్దన్నావు కనుక చెప్పడం లేదు’ అని చదివి, కళ్లజోడు మీంచి నన్ను ఒకసారి చూశారు. ‘గుడి మాత్రం లేదక్కా’ దగ్గరకు వచ్చేసరికి ఆయనకు దగ్గు వచ్చింది. ఆ రెండు వాక్యాలూ దగ్గులో కలిసిపోయాయి. మళ్లీ గొంతు సవరించుకుని ‘ఈ తల్లి పేరు మబ్బులమ్మ’ అని అందుకున్నారు. ఆపుదామంటే ఆపలేకపోయారు పాపం. నెల రోజులుగా అందరికీ అమ్మవారని చెబుతున్న మనిషికి చేతిలోకి కాగితం మీద సాక్ష్యం వచ్చింది మరి.

ఎవరూ నవ్వలేదే. సింహాచలమ్మ బఠాణీల చేట పక్కన పెట్టి చేతులు జోడించింది. నూకరాజు చేతిలో పానా ఆగిపోయింది.

“సారా ముడితే ముసుగేసుకుంటాదా బాబుగోరూ?”

“అలాగే రాసి ఉంది నూకరాజూ” అన్నారు మీ బావగారు.

“మానేసినోడికి?”

“మొహం చూపిస్తుందని ఉంది.”

నూకరాజు మంచివాడు. కానీ జీతం రోజు సాయంత్రం సైకిలు అతన్ని మోసుకొస్తుందో, అతను సైకిలుని మోసుకొస్తాడో చెప్పలేం. ఆ పూట సింహాచలమ్మ చాప చంకన పెట్టుకుని మా వంటింట్లోకి వచ్చేస్తుంది. మొన్న జీతం రోజున నేను అలవాటుగా చోటు సర్ది చూస్తే ఆవిడ రాలేదు. తెల్లారి కుళాయి దగ్గర అడిగాను.

“సక్కగా ఇంటికొచ్చినాడమ్మా. జిలేబీ అట్టుకొచ్చినాడు. నాకేటి సెయ్యాలో తెల్లేదు. ఇద్దరం కూకుని ఒకల మొకాలు ఒకలం సూసుకుని తిన్నాం.”

అది చెబుతూ ఆవిడ బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు. ఇక నేను ఏ మొహంతో చెప్పను, అది మా చెల్లి వేళాకోళమని?

వీధి వీధంతా ముడుపులు కట్టి తెచ్చి ఇస్తున్నారు. పసుపుగుడ్డల మూటలు. పాసు మీద ఎవరు ఏ క్షేత్రానికి వెళ్లినా మిగతావాళ్ల మొక్కులు మోసుకెళ్లడం ఇక్కడి ఆచారం, కాదనకూడదు. నేను కూడా ఎందరి చేతనో పంపుకున్నాను. నా పూజగూట్లో ఇప్పుడు ఉన్న అమ్మవారి పక్కన లేని అమ్మవారి ముడుపులు కూర్చున్నాయి.

ఇకమీదట ఉత్తరాలు మా ఎదురింటి విల్‌ఫ్రెడ్ గారి పేర పంపు. రిటైరైన ఇంజను డ్రైవరు, ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి. తెలుగు చదవలేరు.

చెవి మెలేయడానికి చేయి అందని
అక్క


సిలిగురి
20-2-1995

అక్కా,

నీ మొట్టికాయ ముందుగా తీసుకుని, ఆశీస్సులు తర్వాత తీసుకున్నాను.

నిజం చెప్పాలంటే మొదట కడుపు పట్టుకుని నవ్వాను. జిలేబీ దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. మీ మరిదిగారు, “నీ నోటిదురుసు మొదటిసారి ఒకరి కొంప నిలబెట్టింది. ఇక దాన్ని కదపకు” అని కేకలేశారు.

పక్కింటి దీదీని కూర్చోబెట్టి అడిగాను, మీ కొండల్లో మనుషులు దేనికి మొక్కుతారని. దారిలో కాలీపోఖ్రీ అని నల్లటి నీళ్ల మడుగు ఉందట. చుట్టూ జెండాలు కట్టి ఉంటాయట, ఆ నీళ్లని ఎవరూ మైల చేయరట. ఇక పైకి వెళ్తే ఎదురుగా మంచుకొండలు, మనిషి వెల్లకిలా పడుకున్నట్టు కనపడతాయట. పొద్దున లేచి అటు తిరిగి దణ్ణం పెట్టుకుంటారట. గుడీ లేదు, పూజారీ లేడు, క్యూ లేదు. కనుక నువ్వు అంత బాధపడకు. ముడుపులు ఆ కొండకి చూపించి తెచ్చేయి.

ఒక్కటే భయం. మబ్బు ఎవరి మాటా వినదు. దీదీ అన్నగారు వారం రోజులు పైన ఉండి, ఏమీ చూడకుండా దిగి వచ్చాడు. ఆయన జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. నయమేమిటంటే వెళ్లేది నువ్వూ బావగారే. కనపడకపోయినా, కనపడింది అని చెప్పి నూకరాజుని అలాగే నిలబెట్టవచ్చు. చిన్న అబద్ధం, ఆ పాపం నా ఖాతాలో వేసుకుంటాను.

పురాణకర్త్రి,
శ్యామల


ఖరగ్‌పూర్
22-3-1995

శ్యామలా,

నీ ఖాతా చాలదే. నూకరాజు కూడా పాసు తీశాడు. వాళ్లిద్దరూ మాతోనే వస్తున్నారు.

మీ బావగారు వద్దనలేకపోయారు. దేవి దర్శనానికి వస్తానన్నవాణ్ణి ఏమని వద్దంటారు? పైగా దరఖాస్తు ఆయనే నింపి పెట్టారు. నూకరాజు ఇప్పుడు పసిపిల్లవాడిలా రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. నిన్న వరండాలో మీ బావగారితో అంటున్నాడు, “నాకు మొకం సూపించిందంటే బాబుగోరూ, సచ్చేదాకా ముట్టను. సూపించలేదనుకోండి, నేను మానింది ఆయమ్మ లెక్కలో లేదన్నమాట. మరెందుకు మానాలి?” సింహాచలమ్మ అక్కడే కూర్చుని వింటోంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ బియ్యం కూడా ఏరి పారేస్తోంది.

నిజం చెప్పేద్దామని కుళాయి దగ్గరకు ఎన్నిసార్లు వెళ్లానో. నా గొంతు సంగతి నీకు తెలుసు, హారతి గంట కూడా నన్ను మించి అరుస్తుంది. నేను మొదలుపెట్టేలోగా ఆవిడే ఏదో ఒకటి చెబుతుంది. జీతం రోజు మళ్లీ వచ్చింది, ఈసారి రసగుల్లాలు తెచ్చాడు అని చెబుతుంది. బిందె ఎత్తుకుని వచ్చేస్తాను.

విల్‌ఫ్రెడ్ గారితో ఇంకో తంటా. నీ ఉత్తరం వార్తాపత్రికలో చుట్టి, వీధి అటూ ఇటూ చూసి, “మేడమ్, యువర్ మ్యాటర్” అని గొంతు తగ్గించి ఇస్తారు. మొన్న వెళ్లబోతూ ఆగి, “మనిషి మంచివాడేనా?” అని తన వచ్చీరాని తెలుగులో అడిగారు. నీ గురించేననుకుని “చాలా మంచిది, కాస్త తుంటరి” అన్నాను. ఆయన తల ఊపి, “ఈ వయసులో ధైర్యం కావాలి మేడమ్. విల్‌ఫ్రెడ్ నోరు సమాధి” అన్నారు. ఇంటికి వచ్చి పీట వాల్చుకున్నాక తెలిసింది ఆయన ఏమనుకుంటున్నారో. లలితా పరమేశ్వరి మీద ఒట్టు, రెండు రోజులు ఎదురింటి వైపు కిటికీ తీయలేదు.

మేము చలి ప్రదేశానికి వెళ్తున్నామని తెలిసి ఆయనే మీ బావగారికి నల్లసీసాలో దగ్గుమందు ఇచ్చారు. మంచివాడు. రగ్గులు నలుగురికి చూడు.

దిక్కుతోచని
అక్క


సిలిగురి
3-4-1995

అక్కా,

నలుగురా. రగ్గులు ఇద్దరికే ఉన్నాయి, మిగతావి పార్సిల్ ఆఫీసులో అడిగి చూస్తున్నాం. వాటి మీద ఎవరి చిరునామాలు ఉన్నా పట్టించుకోకండి.

కొండ మీదికి నేను రాలేను. నా మోకాళ్లు ఆ బండిలో ఒక చోట, నేను ఒక చోట దిగుతాం. అందుకని ఇక్కడి నుంచే చెబుతున్నాను. పైకి ఎక్కకముందే సింహాచలమ్మకి నిజం చెప్పేయి. తర్వాత మబ్బు పట్టిందంటే ఆ మనిషి తాగకుండానే దొంగవుతాడు. నాకు నిద్ర పట్టడం లేదు. నిన్న పొద్దున, సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను పుట్టించిన మబ్బులమ్మకి నేనే అల్లం టీ మొక్కుకున్నాను.

మీ మరిదిగారు స్టేషన్‌కి వస్తారు.

నోరు కుట్టేసుకున్న
శ్యామల


ఖరగ్‌పూర్
8-5-1995

శ్యామలకు,

క్షేమంగా చేరాం. తిరుగుదారిలో మీ ఇంట్లో ఉన్న పూటంతా నువ్వు కళ్లతో అడుగుతూనే ఉన్నావు, నేను పప్పులో కరివేపాకు ఏరుతూనే ఉన్నాను. ఏం చేయను, ఒక పక్క ఆయన, ఒక పక్క సింహాచలమ్మ. వచ్చి వారమైంది, ఇవాళ్టికి వీలు చిక్కి రాస్తున్నాను. ఆయన ఆఫీసుకి వెళ్లారు. తలుపు గడియ వేసి రాస్తున్నాను.

ఆ బండి గురించి నువ్వు రాసింది తక్కువే. దారి పొడుగునా ఎర్రపూలు. క్యాలెండరులో ఆ ఎరుపు అచ్చువాడి తప్పు అనుకునేదాన్ని, కాదు. అసలు ఎరుపే అంత. నల్లమడుగు దగ్గర దిగి జెండాలకి దణ్ణం పెట్టుకున్నాం. ముడుపులు అక్కడ ఉంచబోతే అడవిశాఖ గార్డు, “దీదీ, యహా కుఛ్ ఛోడ్నా మనా హై” అన్నాడు. ఏదీ వదలకూడదట. మూటలన్నీ మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను. పాండా కనపడలేదు. మీ బావగారు తోక చూశామంటారు. అది సింహాచలమ్మ శాలువా కుచ్చు.

పైకి చేరేసరికి ఎదురుగా తెల్లటి గోడ. కొండ లేదు, లోయ లేదు, చేయి చాపితే చేయి లేదు. మర్నాడు పొద్దున చూద్దాం అనుకున్నాం. మర్నాడు పొద్దునా అంతే. సింహాచలమ్మ మబ్బుని చూడ్డం మానేసి మొగుణ్ణి చూడ్డం మొదలుపెట్టింది.

“నిజం సెప్పు. ముట్టినావా?”

“నూకాలమ్మ తోడు, ముట్లేదే.”

“మరి ముసుగేల తియ్యదు?”

బసలో పొయ్యి పక్కన ఇద్దరు కూలీలు వెదురు గొట్టాల్లో ఏదో పోసుకుని, వేడినీళ్లు కలుపుకుని గడ్డిపుల్లతో పీలుస్తున్నారు. తోంగ్బా అట, రాగులతో చేసే సారా. నూకరాజు వాళ్లకి ఎదురుగా కూర్చుని ఆ గొట్టాలనే చూస్తున్నాడు. నేను టీ ఇవ్వబోతే తల ఎత్తకుండా అన్నాడు, “తాక్కుండానే తాగినోణ్ణయిపోనాను అమ్మగోరూ. తాగేస్తే పోలా?”

మీ బావగారు అక్కడే మఫ్లరు చుట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆ మాట విని లేచి, చలిలో బయటికి వెళ్లి చాలాసేపటికి వచ్చారు. నేను అప్పుడే నిశ్చయించుకున్నాను. రేపు దిగిపోయేలోగా నిజం చెప్పేయాలి, నా పాసు గంగలో కలిసినా సరే, వీధిలో తల ఎత్తుకోలేకపోయినా సరే. ఒక మంచిపని చేసినవాడికి దొంగ అని పేరు రాకూడదు.

మర్నాడు పొద్దున నలుగురం వెళ్లి ఆ తెల్లగోడ ముందు నిలబడ్డాం. సింహాచలమ్మ కోతిటోపీ మీద తువ్వాలు, తువ్వాలు మీద ముసుగు.

“గుడెక్కడమ్మా? అదైనా కనబళ్లేదు.”

నేను చెప్పేశాను శ్యామలా. “గుడి లేదు సింహాచలమ్మా. మబ్బులమ్మ అనే దేవతే లేదు. మా చెల్లి నవ్వులాటకి రాసింది. మబ్బుకీ మీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. అతన్ని ఏమీ అనకు.” అంతా చెప్పేశాను. కాళ్లు తేలికైపోయాయి.

సింహాచలమ్మ నా వైపు వంగి, “ఏటమ్మా? టోపీ ఉంది, గాలి కొడతంది. గట్టిగా సెప్పండి” అంది.

నేను పుట్టి బుద్ధెరిగి గట్టిగా మాట్లాడలేదు. ఆ చలిలో గొంతు ఎక్కడి నుంచి తేను? చేతులు జోడించి, కళ్లు మూసుకుని, సింహాద్రి అప్పన్నా, ఒక్క మాటకి గొంతు ఇవ్వు స్వామీ అని శ్లోకం మొదలుపెట్టాను. మధ్యలో “ఓలమ్మా” అని సింహాచలమ్మ గొంతు వినపడింది. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ లేదు. ఆవిడ కాలు జారిందేమో అనుకున్నాను. కానీ శ్లోకం సగంలో వదిలే అలవాటు నాకు లేదు కదా. పూర్తి చేసి, మూడుసార్లు నమస్కరించి, అప్పుడు కళ్లు తెరిచాను.

తెల్లటి గోడ. ఇందాకటి గోడే.

నూకరాజు తడినేల మీద సాష్టాంగపడి ఉన్నాడు. సింహాచలమ్మ తువ్వాలూ టోపీ ఊడదీసి చేతుల్లో పట్టుకుని ఏడుస్తోంది. మీ బావగారు నోరు తెరుచుకుని, ఆ గోడ వైపే చూస్తూ, నా చేయి పట్టుకున్నారు. నలుగురి ఎదుట, శ్యామలా.

“చూశావా రాజేశ్వరీ?”

అందరి మొహాలూ ఒకసారి చూశాను. “చూశాను” అన్నాను.

“గుడేదమ్మా అనడిగినాను సూడండి, ఎర్రిదాన్ని” అంది సింహాచలమ్మ. “అంత తల్లికి గుడెవడు కట్టగల్డు?”

నూకరాజు లేచి పెళ్లాం చేతిలో టోపీ తీసుకుని ఆవిడ నెత్తిన తొడిగాడు. పొయ్యి దగ్గర కూలీలకి పకోడీలు కొనిపెట్టాడు. మేము బండి ఎక్కేదాకా ముసుగు మళ్లీ తీయలేదు.

ఇంకొకటి. ఇది మీ మరిదిగారికి కూడా చెప్పకు. సియాల్దా చేరబోతుండగా ఆయన నా పక్కకి జరిగి, గొంతు తగ్గించి, “విల్‌ఫ్రెడ్ ఇచ్చింది దగ్గుమందు కాదు, బ్రాందీ” అన్నారు. చలి తట్టుకోలేక పైకి చేరిన సాయంత్రం ఒక మూతెడు, మర్నాడు ఒక మూతెడు పుచ్చుకున్నారట, మందనే అనుకుని. ‘అనుకుని’ అన్న చోట మళ్లీ దగ్గు వచ్చింది. నూకరాజు ఆ మాట అన్నప్పుడు సిగ్గేసి, బయటికి వెళ్లి సీసా మొత్తం పూలచెట్టు మొదట్లో పోసేశారట. “పోశాను, తెల్లారింది, తీసింది” అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు.

ఇప్పుడు మా ఇంట్లో మబ్బులమ్మకి అందరికన్నా పెద్ద భక్తుడు ఆయనే. నువ్వు రాసిన పురాణం ఫుల్‌స్కేప్ కాగితం మీద గుండ్రంగా కాపీ చేసి పూజగూట్లో పెట్టారు. శుక్రవారం క్యాలెండరుకి బొట్టు ఆయనే పెడుతున్నారు. ముడుపులన్నీ సింహాచలమ్మే ఇంటింటికీ తిరిగి ఇచ్చేసింది, “ఆయమ్మ ఏటీ పుచ్చుకోదు, మొకం సూపించి పంపేస్తాది” అని. ఈ జీతం రోజున నూకరాజు కోవా తెచ్చాడు. నాకూ ఒకటి పంపారు.

అందరూ చూశారు. నేను ఒక్కదాన్నే చూడలేదు. ఏమీ అడగక్కర్లేని చోటికి వెళ్లాలని వెళ్లి, అక్కడా అడగడానికే కళ్లు మూసుకున్నాను. మొదటి రోజు తలుచుకుని దుఃఖం వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ సాయంత్రం ఆయన వరండాలో కూర్చున్నప్పుడు, “ఎలా ఉందో ఒకసారి చెప్పండి” అన్నాను.

“నువ్వూ చూశావుగా.”

“మీరు చెబితే ఇంకోసారి చూసినట్టుంటుంది.”

మొదటి రోజు తెల్లగా ఉందన్నారు. రెండో రోజు, కాదు, అంచున గులాబీ ఉందన్నారు. నిన్న చాలాసేపు ఆలోచించి, “పడుకున్న మనిషి లేవబోయి, మనల్ని చూసి ఆగినట్టుంది” అన్నారు. సర్క్యులరు చదివే గొంతుతో కాదే. పెళ్లయ్యాక ఆయన నాతో ఇంత మాట ఎప్పుడూ అనలేదు. ఆ పూట చూసి ఉంటే నేను అడిగేదాన్ని కాదు.

వచ్చే ఏడాది సెట్టు మీద కూడా అక్కడికేనట, ఆయనే అంటున్నారు. కార్తీకంలో. ఈసారి శ్లోకం సగంలో వదిలేస్తాను. అప్పన్న ఏమీ అనుకోడు.

ఈ కాగితాలు చింపకు. నీ ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతలో దాచి ఉంచు, ముసలివాళ్లం అయ్యాక నాకు చదివి వినిపిద్దువుగాని. ఎవరికీ చూపించకు. మీ బావగారు మీ ఇంటికి వచ్చినప్పుడు అసలే బయటికి తీయకు. ఆయన వరండా చూస్తే ఆగలేరు.

అక్క